అపరిమితమను మాట

పైథాన్ అను కంప్యూటరు భాషయందు పూర్ణసంఖ్యలకు మితి లేదని దాని వివరణగ్రంథము చెప్పుచున్నది. యంత్రమున మెమొరీ చాలినంతవఱకే యని భాషానిర్వచనమున నొక మాట చేర్పఁబడినది. ఈ చేర్పు లేకున్నను మే మాక్షేపింపము. సత్రము వాకిట “వచ్చినవారి కెల్ల నన్నము” అని వ్రాసియున్నచో, లోకమంతయు నొక్కనాఁడే వచ్చిన నేమగునని యెవ్వఁడు నడుగఁడు. బియ్యము తఱుగునని యెల్లవారు నెఱుఁగుదురు. కాని సత్రాధికారి నూఱు విస్తళ్లకు మించి వేయరాదని లోపల నిశ్చయించుకొని వాకిటిపలకను మార్పకున్న నది వేఱు సంగతి.

2022వ సంవత్సరము సెప్టెంబరునందు పైథాను నిర్వాహకు లట్టి నిశ్చయ మొకటి చేసిరి. దశాంకములతో వ్రాసిన సంఖ్యను యంత్రమునకు లోపలిరూపముగ మార్చుటకుఁ బట్టు శ్రమ అంకెల లెక్కయొక్క వర్గము ననుసరించి పెరుగును. అంకెలు పదిరెట్లయిన శ్రమ నూఱురెట్లు. దుర్జనుఁ డెవఁడైన లక్షలకొలఁది యంకెలు పంపి పరుల యంత్రమును స్తంభింపఁజేయవచ్చును. కావున 4300 అంకెలకు మించిన సంఖ్యను మార్చరాదని హద్దు పెట్టిరి. ఒకటి మొదలు 2000 వఱకుఁ గల సంఖ్యల లబ్ధమున 5736 అంకె లుండును. భాష దానిని నేఁటికిని దప్పులేక గణించును. దశాంకములలో వ్రాసి చూపుమన్న మాత్రము నిరాకరించును! పదునాఱు మూలముగఁ గల పద్ధతిని వ్రాయుమన్న నభ్యంతరము లేదు. ఆ మార్పు సులభము గదా.

ఇది యసత్య మగునా? హద్దును, దాని కారణమును, దానిని తొలగించుకొను మార్గమును వారు ప్రకటించిరి గనుక కాదనియే మా యభిప్రాయము. అయినను పాతకూర్పులందు సైతము దీనిని జొప్పించుటచేఁ బూర్వపు మాటను నమ్మి పనులు సాగించుకొనువారు నొచ్చుకొనిరి. వారి మొఱ న్యాయమైనదే. తెలియనివారిని ముప్పునకు విడిచిపెట్టుట యంతకంటె నన్యాయమని మాత్రము మేము తలఁచుచున్నాము.

జావాభాష కథ వేఱు. అందలి మహాపూర్ణాంకమునకు లోపలి యమరికవలననే యొక కొన యున్నది; దశాంకములలో సుమారు 64 కోట్ల యంకెలు. 2014లో వెలువడిన యెనిమిదవ కూర్పునుండి గ్రంథము దీనిని స్పష్టముగఁ జెప్పి, మీఱినచో దోషము ప్రకటింపవచ్చు ననుచున్నది. అంతదూరము పోవువాఁ డెవఁడని కొంద ఱందురు. పోవువాఁ డొక్కఁడే యైనను వానికిఁ దప్పుడు ఫలమును మౌనముగ నిచ్చుటకంటె నిరాకరణము మేలు.

అనంత మనఁగాఁ దుద లేనిది. అమిత మనఁగాఁ గొలవఁబడనిది. గ్రంథకర్తలు రెంటిని గలిపివేయుచున్నారు. పైథాను గ్రంథమందు మితి లేదను వాక్య మొకచోట, 4300 అంకెల హద్దు అదే ప్రకరణమున బహుదూరమునం దున్నవి. మొదటిది చదివి పుస్తకము మూసినవానికి రెండవది లేనట్లే. ఆ రెండు వాక్యములు ప్రక్కప్రక్కన నుండవలెను.