అక్షహృదయం, కుక్కుటశాస్త్రం: జూదవ్యసనంలో ఆవేశం, నిరాకరణ

వ్యసనపరుడు తన స్థితిని ఎందుకు ఒప్పుకోడు? ఒళ్లు తెలియని స్థితిలో చేసిన పనికి అతడు బాధ్యుడేనా? ఈ రెండు ప్రశ్నలను నలోపాఖ్యానం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నన్నయ అరణ్యపర్వంలో దీనిని తెలుగు చేసింది వేంగీ చాళుక్యుల ఆస్థానంలో. ఆ వేంగికి నేటి గుర్తైన పెదవేగికి చేరువలోని దెందులూరు, ఏలూరు ప్రాంతం నేడు సంక్రాంతి కోడిపందేలకు పేరుపొందింది.

తెలుగులో 'ఆవేశం' అంటే ఉద్రేకం; పూనకం కూడా. నలుని కథలో ఈ రెండర్థాలూ కలిసిపోతాయి. కలి ఆవేశించగా అతడు నెలల తరబడి పుష్కరునితో జూదమాడతాడు. పౌరులు వాకిట నిలిచారని దమయంతి చెప్పినా బదులు పలకడు. ఆమె బిడ్డలను విదర్భకు పంపివేస్తుంది. జాతరలోని పూనకానికి మొదలూ తుదీ ఉంటాయి, దానిని దించే పెద్దలుంటారు. జూదపు ఆవేశాన్ని దించేవారు లేరు. లాస్ వేగస్‌లో యంత్రాలపై ఆడే జూదరులను గురించి నటాషా డౌ షుల్ 2012లో ప్రచురించిన గ్రంథం కూడా, వారిలో పలువురు ఆడేది గెలుపు కోసం కాదనీ, ఆ మైమరపులో కొనసాగడానికేననీ చెబుతుంది.

నిరాకరణ ఉత్త అబద్ధం కాదు. దానికి సామగ్రి కావాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం అడ్డుపడినా, బరి వద్ద 'సంప్రదాయం' అనే మాట సిద్ధంగా ఉంటుంది. అంతకంటే బలమైనది కుక్కుటశాస్త్రం. డేగ, కాకి, నెమలి వంటి రంగులలో ఏది ఏ వారం, ఏ వేళ గెలుస్తుందో అది చెబుతుంది. ఓడినవానికి పందెం తప్పని తోచదు. రంగు ఎంపిక తప్పిందని తోస్తుంది. ఆ విధంగా ప్రతి ఓటమీ మరో పందేనికి హేతువవుతుంది.

అక్షహృదయం కూడా విద్యే, కాని దాని దారి వేరు. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు కాయలకు లెక్క చెప్పగా, నలుడు నమ్మక చెట్టును కూల్చి ఎంచి చూస్తాడు. లెక్క సరిపోతుంది; ఆ విద్య అందగానే కలి వెడలిపోతాడు. కుక్కుటశాస్త్రం రాబోయే పందేన్ని చూపితే, అక్షహృదయం ఎదుట ఉన్నదానిని ఎంచమంటుంది. నిరాకరణకు గిట్టనిది ఈ ఎంచడమే. బరి నుండి ఇల్లు చేరినవాడు చివరి పందెం సంగతి చెబుతాడు, మొత్తం చెప్పడు.

సంస్కృత మూలంలో నలుడు రాజ్యనాశం కలి చేసిన పని అంటాడు. ఆడుతూ అన్నట్లయితే అది సాకు. కలి విడిచిన పిదప అన్నాడు గనుక రోగనిర్ణయమనవచ్చు. అయినా అడవిలో విడువబడిన దమయంతి పడిన బాధను ఆ నిర్ణయం తీర్చదు. మరొక చిక్కూ ఉంది: నలుడు మళ్లీ పుష్కరునితో ఆడి సర్వం గెలుచుకుంటాడు. ఇంకొక్క పందెంతో అంతా తిరిగివస్తుందన్నది ప్రతి జూదరి ఆశ. లెక్కను విడిచి ఆ గెలుపునే స్వీకరిస్తే నలోపాఖ్యానమే మరో కుక్కుటశాస్త్రమవుతుంది.

పందెం సాగుతుండగా మనసుపై అదుపు లేకపోవచ్చు. పందేనికీ పందేనికీ నడుమ మాత్రం ఆవేశం సడలుతుంది. ఇంటివారు లెక్క అడిగేదీ అప్పుడే. బాధ్యతను వెదకవలసిన చోటు ఆ ఎడం.