ఇంటిదొంగను వెదకుట



ఇంటిదొంగను పట్టుట కష్టమని మన యూళ్లలో చెప్పుకొందురు. అయితే పట్టబోవువాడు ఎంతమంది నిర్దోషులను నొప్పించునో ఎవరును చెప్పుకొనరు.

రాజుల రెండవ గ్రంథము 6వ అధ్యాయములో సిరియా రాజు సంగతి చదువుదుము. అతని సేన ఎక్కడ పొంచియున్నను ఆ చోటు ఇశ్రాయేలు రాజునకు ముందే తెలిసిపోవుచుండెను. రాజు కలవరపడి తన సేవకులందరిని సమకూర్చి, వారిలో ద్రోహి యెవడని నిలదీసెను. రహస్యము బయటికి పోయిన మాట నిజమే. గాని వారిలో ఒక్కడును దోషి కాడు. ఎలీషా ప్రవక్త దానిని తెలుపుచుండెను.

ఇప్పుడు అమెరికాలో జరిగిన ఒక సంగతి వినుడి. మన సంతలలోను దొరకు కోకా-కోలా పానీయమును మీరెరుగుదురు. 2006 మే నెలలో ఆ కంపెనీ రహస్యములను అమ్మజూపుచు ఒక ఉత్తరము దాని పోటీదారుడైన పెప్సీ కంపెనీకి వచ్చెను. పెప్సీవారు దానిని కొనక, కోకా-కోలావారికే అందజేసిరి. (వ్యాపారములో ఇంత న్యాయబుద్ధి నేను ఎదురుచూడలేదు.) వారు ప్రభుత్వ దర్యాప్తు శాఖయగు ఎఫ్.బి.ఐ.కి తెలిపిరి. అంతట ఒక పోలీసు అధికారి కొనువానివలె వచ్చి, బిస్కట్ల పెట్టెలో 30 వేల డాలర్లు పెట్టి యిచ్చి, రహస్య కాగితములను ఒక క్రొత్త పానీయపు మచ్చును పుచ్చుకొనెను. అట్లాంటా నగరములోని కార్యాలయమందు ఒక కార్యదర్శిని కాగితములను తన సంచిలో పెట్టుకొనుట కెమెరాలో కనబడెను. తాను నిర్దోషినని ఆమె వాదించెను. జ్యూరీవారు సాక్ష్యము విని 2007లో ఆమెను దోషిగా తీర్చిరి. ఎనిమిది సంవత్సరముల శిక్ష పడెను.

పనిచేయువారిని చాటుగా కనిపెట్టుట న్యాయమా అని మీరడుగవచ్చును. నాకును అది కొంత బాధగానే తోచినది. అయినను ఉత్తరమువంటి గురుతు చేతికి వచ్చిన తరువాత, పెదవి విప్పక ఆధారము వెదకినవాడు, అందరిని నిలువబెట్టి నిందించిన సిరియా రాజుకంటె తక్కువ హాని చేసెను. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద గాని నేరము స్థిరపరచకూడదని ధర్మశాస్త్రము చెప్పుటయు ఇందుకే గదా!

మన సంగతి చూడుడి. మిల్లు లెక్కలు పొరుగు వర్తకునికి తెలిసినయెడల మొదట గుమాస్తాను అనుమానింతుము. నగ కనబడనియెడల పనిమనిషి మూట విప్పింతుము. నాలుగు దినములకు ఆ నగ పెట్టె అడుగున దొరకును. ఆమె మీద పడిన మాట మాత్రము ఊరిలో తిరుగుచునే యుండును. ఆమె గుడిసెకు వెళ్లి క్షమించుమని అడిగిన యజమానురాలిని నేనింతవరకు చూడలేదు.