మన విశ్రాంతి, మన గుమ్మములోని వారి విశ్రాంతి



విహారయాత్రకు వెళ్ళడము క్రైస్తవునికి తగునా? తగినయెడల ఎటువంటి మనస్సుతో ఆ యాత్రకు సిద్ధపడవలెను? ఈ ప్రశ్న మేము పుస్తకములో చదివి తెచ్చినది కాదు. దసమంతపూర్‌లోని మన చిన్న తెలుగు సంఘములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, వరండాలో నిలబడి మాట్లాడుకుంటుండగా వచ్చినది.

మన సంఘములో ఒక ఉపాధ్యాయుడుగారు పదవీ విరమణ చేసినారు. బెంగళూరులో ఉద్యోగములు చేస్తున్న పిల్లలు తలిదండ్రులను క్రిస్మస్ సెలవులలో పది రోజులు మారిషస్ దీవికి తీసుకొని వెళ్ళాలని తలపెట్టినారు. చుట్టూ సముద్రము, చల్లారిపోయిన అగ్నిపర్వతముల నోళ్ళు, షమరెల్ అనే చోట ఏడు రంగుల నేల, ఎటు చూచినా చెరకు తోటలు. పిల్లలు ఫోటోలు చూపించగా అందరమూ సంతోషించినాము. అంతలో ఒక పెద్దాయన, "మందిరము పైకప్పు కారుతుండగా సముద్రము చూడడానికి లక్షలు ఖర్చుపెట్టవచ్చునా?" అన్నారు. మరొకరు, "ముప్పై అయిదేండ్లు బోర్డు ముందు నిలబడిన మనిషి పది రోజులు కూర్చోకూడదా అండీ?" అన్నారు. సంఘము రెండుగా చీలినంత పని అయినది.

మొదటి మాటను మేము తేలికగా తీసివేయలేదు. 2007 వానకాలములో ఇదే దసమంతపూర్, లక్ష్మీపూర్, కాశీపూర్ బ్లాకులలో కలరా వచ్చి కొండ గ్రామముల ప్రజలు మంచి నీరు లేక మరణించిన సంగతి మనము మరువలేదు. ఇటువంటి చోట నివసించువారికి డబ్బు ఖర్చు చేయునప్పుడు మనస్సాక్షి గుచ్చవలసినదే. అయితే బేతనియలో అత్తరు పోసిన స్త్రీని బీదల పేరు చెప్పి గద్దించినవాడు యూదా అనే సంగతి కూడా మరువరాదు. బీదల పేరు ఎత్తిన ప్రతివాడూ బీదలను తలంచినవాడు కాడు. సేవ చేసి అలసిపోయి తిరిగివచ్చిన శిష్యులను ఏకాంత స్థలమునకు వచ్చి కొంచెము అలసట తీర్చుకొమ్మని పిలిచినవాడు మన ప్రభువే. గనుక విశ్రాంతి పాపము కాదు. అది దేవుడిచ్చినది.

ఇక్కడితో ఆగిపోయినయెడల ఈ వ్యాసము అవసరము లేదు. విశ్రాంతి దినపు ఆజ్ఞను మరల ఒకసారి నిదానముగా చదవండి. దేవుడు ఆ ఆజ్ఞను ఇంటి యజమానికి మాత్రమే ఇచ్చి ఊరుకొనలేదు. కుమారుని, కుమార్తెను, దాసుని, దాసిని, పశువును, చివరకు గుమ్మములోపల ఉన్న పరదేశిని కూడా వరుసగా చెప్పినాడు. ద్వితీయోపదేశకాండములో కారణము కూడా కనబడుతున్నది: మీరును ఒకప్పుడు ఐగుప్తులో దాసులే. అనగా నేను విశ్రమించుటకు మరొకడు రెండింతలు చాకిరీ చేయవలసి వచ్చినయెడల, అది దేవుడు ఆజ్ఞాపించిన విశ్రాంతి కాదు. బరువు నా భుజముమీదనుండి అతని భుజముమీదికి మారినది, అంతే.

మన మిషనరీల చరిత్రలో కూడా ఇది కనబడును. జ్వరములకు, కలరాకు భార్యాబిడ్డలను పోగొట్టుకొనిన అమెరికన్ మదురై మిషనువారు 1845లో కొడైకెనాల్ కొండమీద ఇండ్లు కట్టుకున్నారు. వారికి ఆ చల్లదనము ప్రాణాధారము. వారిని తప్పుపట్టలేము. కాని మోటారు రోడ్డు పడకముందు దొరలను, దొరసానులను డోలీలలో కొండ ఎక్కించినవారు కూలీలు. ఆ మోసినవారి విశ్రాంతిని గూర్చి ఎవరు వ్రాసి పెట్టినారు?

మారిషస్‌కు కూడా అటువంటి చరిత్రయే ఉన్నది. ఆ దీవి అంతా సముద్రగర్భములోనుండి ఉబికిన లావా గడ్డకట్టగా ఏర్పడినది. శాస్త్రజ్ఞులు చెప్పే ఒక సంగతి వింటే ఆశ్చర్యము కలుగును. భూమి లోతులలోని ఒకే నిప్పు ఊట సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రితము దక్కను నల్లరాతిని పరచినదట. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతములలో కంకర కొట్టే నల్లరాయి దానిలోనిదే. భూఫలకము ఉత్తరమునకు జరుగుతూ పోగా, ఆ ఊటయే తరువాత మారిషస్‌ను, నేడు మండుచున్న రీయూనియన్ దీవిని పుట్టించినది. ఈ లెక్కన గోదావరి ఒడ్డు రాయికి ఆ దీవి రాయి బంధువే.

రాయి మాత్రమే కాదు, మనుష్యులు కూడా మనవారే. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కూలీలను దింపిన తరువాత, 20వ శతాబ్దపు తొలి సంవత్సరముల వరకు సుమారు 4,50,000 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ దీవికి చేరినారు. కోరంగి, విశాఖపట్టణము రేవులనుండి ఓడలెక్కిన తెలుగువారిని అక్కడ 'కోరంగీలు' అన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడే వరకు మన కోరాపుట్ కూడా విశాఖపట్టణము జిల్లాలోనిదే. చెరకు నాటుటకు ముందు ఆ లావా బండలను చేతులతో ఎత్తి పోగులు పెట్టినవారు ఈ కూలీలే. ఆ నల్లరాతి పోగులు నేటికీ పొలముల మధ్య నిలిచియున్నవి. చూడవచ్చినవారు, ఎంత బాగున్నవి అని ఫోటో తీసుకుంటారు.

లె మోర్న్ అనే నల్లని కొండ పాదమున ఖరీదైన హోటళ్ళున్నవి. ఆ కొండ గుహలలోనే ఒకప్పుడు పారిపోయిన బానిసలు దాగుకొన్నారు. యునెస్కో 2006లో కూలీలు దిగిన ఆప్రవాసి ఘాట్‌ను, 2008లో ఈ కొండను ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తించినది. మన సంఘముల తలిదండ్రులు ఇటువంటి కూలీలను మరువలేదు. 1903లో తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ నెల్లూరునుండి జాన్ రంగయ్యగారిని దక్షిణ ఆఫ్రికాలోని నేటాలుకు పంపినది. సముద్రమును చూచుటకు కాదు, తోటలలో పనిచేయు తెలుగు కూలీలకు కాపరిగా ఉండుటకు. సముద్రయానమును గూర్చి ఆలోచించునప్పుడు తెలుగు బాప్టిస్టులకు జ్ఞాపకము రావలసిన మొదటి పేరు ఆయనది.

పిల్లలలో ఒకడు, "పక్కనున్న రీయూనియన్‌కు కూడా వెళితే నిజమైన నిప్పును చూడవచ్చు" అన్నాడు. చూడవచ్చును. 1977 ఏప్రిల్‌లో అక్కడి పిటోన్ సెంట్ రోజ్ గ్రామముమీదికి లావా వచ్చి ఇండ్లను కాల్చి, దేవాలయపు వాకిట రెండుగా చీలి ఆగినది. ప్రజలు ముందే తరలిపోయినందున ప్రాణనష్టము లేదు. దీనిని విని మనము వెంటనే సాక్ష్యము చెప్పబోతాము. అయితే 1902 మే 8న, ఆరోహణ పండుగ నాడే, మార్టినిక్ దీవిలో పెలే కొండ పేలి సెయింట్ పియెర్ పట్టణములో ఇంచుమించు 28,000 మంది మరణించినారు. అక్కడ పెద్ద దేవాలయము కూడా నిలువలేదు. సిలోయము గోపురము కూలి చనిపోయినవారు ఇతరులకంటె పాపులని తలంచవద్దని ప్రభువు చెప్పినాడు గదా. ఒకరి ఇంటిమీదికి వచ్చే నిప్పు మనకు వేడుక కారాదు, మన భక్తికి రుజువు కూడా కారాదు. అక్కడ నిలబడితే తల వంచి నిలబడవలెను.

చూడబడుట ఎట్లుండునో మన ప్రాంతమువారికి వేరే చెప్పనక్కరలేదు. కోరాపుట్ జిల్లాలోని వారపు సంతలకు దూరదేశములవారు కార్లలో వచ్చి, కొండ స్త్రీల పూసలను, ముక్కు పోగులను ఫోటోలు తీసుకొని పోవుచున్నారు. అల్లపు గంప దింపుకొని కూర్చున్న స్త్రీ పేరు ఎవరూ అడుగరు. వారిని చూచి మనము నొచ్చుకుంటాము. మారిషస్‌లో దిగినప్పుడు ఆ కెమెరా మన చేతికి వచ్చును.

ఇవన్నీ మాట్లాడుకొని, పెద్ద సంగతులు తేల్చినామనుకొన్నాము. కాని అసలు సంగతి ఆ మంగళవారము తెలిసినది. ఉపాధ్యాయుడుగారి ఇంటిలో తొమ్మిదేండ్లుగా అంట్లు తోమి, నీళ్ళు మోయుచున్న పరజా స్త్రీ ఒకామె ఉన్నది. యాత్ర మాట విని ఆమె ఇంటి అమ్మగారిని తన దేశియా మాటలో ఒకటే అడిగినది: "ఆ పది రోజులకు నాకు జీతమిస్తారా, కోస్తారా?"

ఆ అమ్మగారు సిగ్గుపడి స్త్రీల సమాజములో ఈ సంగతి తానే చెప్పినారు. తొమ్మిదేండ్లలో ఒక్క దినమైనా జీతముతో కూడిన సెలవు ఆమెకు ఇవ్వలేదని, జ్వరము వచ్చిన దినములకు కూడా కోసుకున్నామని ఒప్పుకొన్నారు. ఆ మాటకు గదిలో ఎవరూ ఆమెను చూడలేదు, ఎవరి ఒడిలోనికి వారు చూచుకొన్నారు. మా ఇండ్లలోను అదే లెక్క గనుక. విశ్రాంతిని గూర్చి ఇంత వాదించిన మేము, మా గుమ్మములోపలి పరదేశిని లెక్కలో వేసుకొనలేదు. నిజము చెప్పవలెనంటే, ఈ కొండలలో పరదేశులము మనమే. ఆమె కాదు.

ఆ కుటుంబమువారు యాత్ర మానుకొనలేదు. మానుకొమ్మని మేమును చెప్పలేదు. నవంబరునుండి ఏప్రిల్ వరకు అక్కడ ఎండ, తుపానుల కాలము గనుక యాత్రను మే నెలకు మార్చుకొన్నారు. ఆ పది రోజులు ఆ స్త్రీకి పూర్తి జీతముతో సెలవు. అంతేకాక ప్రతి ఆదివారము సెలవు అప్పుడే మొదలైనది. ఆదివారము అంట్లు ఇప్పుడు ఉపాధ్యాయుడుగారు తోముతున్నారు.

ఇటువంటి యాత్ర తలపెట్టినవారికి మా మనవి ఇది. రేపటిని గూర్చి యాకోబు వ్రాసిన హెచ్చరికను చదివి, ప్రభువు చిత్తమైతే అని చెప్పి టిక్కెట్టు కొనండి. అతి చౌక టిక్కెట్టు, అతి చౌక గది దొరికినప్పుడు ఆ తగ్గింపు ఎవరి కూలిలోనుండి వచ్చినదో ఆలోచించండి. నేడు కూడా బంగ్లాదేశ్, నేపాల్, మడగాస్కర్, మన దేశములనుండి కూలీలు ఆ దీవికి పోవుచున్నారు. గది శుభ్రము చేయు మనిషి పేరు అడగండి. ఆప్రవాసి ఘాట్ మెట్లమీద కొంచెముసేపు మౌనముగా నిలబడండి. బయలుదేరుటకు ముందు, మీ ఇంటిలో పనిచేయువారికి ఆ దినముల జీతము చేతిలో పెట్టండి.

మందిరము పైకప్పు ఇంకా కారుతూనే ఉన్నది. దానిని గూర్చి కూడా మాట్లాడుకుందాము. కాని ఈ నెల కూడికలలో ప్రతి సంఘము ముందుగా ఈ ఒక్క ప్రశ్న వేసుకొనవలెనని కోరుతున్నాము: మన ఇంటిలో ఏడవ దినము లేనివారు ఎవరు?

అలసినవారికందరికీ విశ్రాంతినిచ్చు దేవుడు, ఆ విశ్రాంతిని పంచుకొను హృదయమును మనకు దయచేయును గాక. ఆమేన్.