ఎదురుచూపు, దేవుడు, మన పిల్లలు

ఉగాది సంచికకి వ్యాసం ఈ ఆదివారంలోపు పంపాలని సంపాదకురాలు మళ్ళీ మెసేజ్ పెట్టారు. విషయం "విదేశాల్లో మన విలువలు". ఏం రాయాలా అనుకుంటూ శనివారం పొద్దున దీపం పెడుతుంటే మా చిన్నవాడు పక్కన నిలబడి అడిగాడు: "అమ్మా, అక్కకి గ్రీన్ కార్డ్ రాకపోతే దేవుడు లేనట్టేనా?"

వాడు ఇక్కడే, అమెరికాలోనే పుట్టాడు. అక్క మూడేళ్ళప్పుడు నా చంకనెక్కి వచ్చింది. ఒకే బల్ల దగ్గర అన్నం తినే ఇద్దరు పిల్లలకి రెండు రకాల కాగితాలు. ఇది చదువుతూ తలూపే తల్లులు మన ఊళ్ళో ఎంతమందో నాకు తెలుసు. మా అమ్మాయికి వచ్చే నవంబరుకి ఇరవై ఒకటి నిండుతాయి. ఆలోపు కార్డు రాకపోతే మా దరఖాస్తులో పిల్లగా దాని చోటు పోవచ్చు.

2020 అక్టోబరు వీసా బులెటిన్‌లో ఉద్యోగాల మీద మనవాళ్ళకిచ్చే గ్రీన్ కార్డుల (ఈబీ-3) ఫైలింగ్ తేదీ ఒక్కసారిగా 2015 జనవరి 1కి దూకినప్పుడు మనవాళ్ళ ఇళ్ళలో వారం వారం సత్యనారాయణ వ్రతాలే. మేం వరసలో చేరిన తేదీ ఆ గీతకి అవతల పడింది. తర్వాత తేదీలు వెనక్కి నడిచాయి. పిల్లల వయసు లెక్కకి ఫైలింగ్ తేదీ చాలునన్న నిబంధన 2023 ఫిబ్రవరిలో వస్తే ప్రాణం లేచొచ్చింది. 2025 ఆగస్టులో అదీ మారిపోయింది. ఇన్నాళ్ళూ పిల్లలు బులెటిన్ చూడలేదు, మన మొహాలు చూశారు. తేదీ కదిలిన నెల దేవుడు చల్లనివాడు, కదలని నెల ఆయన ఊసే ఉండదు. చిన్నవాడి ప్రశ్న అక్కడే పుట్టింది.

రెండు వైపుల మాటా న్యాయంగా చెప్పాలి. స్నేహితుల్లో కొందరంటారు, ఇది చట్టం పని, దేవుణ్ణి ఎందుకు లాగుతారని. ఉద్యోగాల మీద ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు, ఏ దేశానికైనా 7 శాతం అని 1990లో రాసి పెట్టారు, హారతిస్తే ఆ అంకె మారుతుందా అని. పిల్లకి విద్యార్థి వీసా ఎఫ్-1 ఫైల్ చెయ్యండి, కెనడా సంగతి కనుక్కోండి, సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి అని. కాదనను. ఎఫ్-1 కాగితాలు మేమూ సిద్ధం చేసుకున్నాం. చెయ్యాల్సింది చెయ్యకుండా భారం ఆయన మీద వేసి కూర్చోవడం భక్తి అనిపించుకోదు. పెద్దవాళ్ళ మాట వేరు. ఎప్పుడు ఏది ఇవ్వాలో ఆయనకు తెలుసు, నోరెత్తకుండా ఓపిక పట్టండి అంటారు. అదీ మంచి మాటే, ఆ "నోరెత్తకుండా" అన్నది తీసేస్తే.

నా మొగ్గు మాత్రం దీపం వైపే. అందులో దాపరికం లేదు.

హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళలో చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ తిరగనివాళ్ళు తక్కువ. హుండీ లేని గుడి అది. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. అంకెలు అచ్చేసిన కార్డు చేతిలో పెట్టుకుని, చుట్టుకో గడి పెన్నుతో కొట్టేసుకుంటూ, ముందు నడిచేవాళ్ళ మడమలు తొక్కకుండా నడవడం మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ లెక్క నాకెంతో నచ్చుతుంది. అడగడానికి కొన్ని అడుగులే, కృతజ్ఞత చెప్పడానికి దాదాపు పదింతలు. మన ఇళ్ళలో పిల్లలు చూస్తున్నది దీన్ని తిరగేసిన లెక్క. రావలసినదాని గురించి రోజూ మొర, వచ్చినదాని గురించి పండక్కోసారి దణ్ణం. అలా పెరిగిన పిల్లకి కార్డు రాకపోతే దేవుడు లేడనిపించక ఏమవుతుంది?

ఆదివారం తెలుగు బడిలో రామదాసు కథ చెప్తాం. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న ఖజానా సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని, గోల్కొండలో తానీషా చెరలో పన్నెండేళ్ళు మగ్గాడని, చివరికి రామలక్ష్మణులే వచ్చి బాకీ కట్టారని. మధ్యలో జరిగింది ఎగరగొట్టేస్తాం. చేయించిన నగల ఖర్చు ఒక్కొక్కటే ఎత్తిచూపి రాముణ్ణి నిలదీశాడాయన. నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ నోటితోనే మన్నించమన్నాడు. తిట్టినా రాముణ్ణే, ఏడ్చినా రాముడి దగ్గరే. ఓపిక అంటే ఇదే అని నా నమ్మకం. కోపం ఉండొచ్చు, మాటలు విడవకూడదు.

మా పెద్దది కిందటి దసరా నుంచి పూజగది గడప తొక్కడం మానేసింది. "ఆయనతో నేను మాట్లాడను" అంది. మా ఆయన కసరబోతే వద్దన్నాను. లేడనుకున్నవాళ్ళు అలగరు కదా. "తిట్టాలనిపిస్తే ఇక్కడికే వచ్చి తిట్టు" అన్నాను దాంతో. కాలేజీ నుంచి వచ్చిన ఒక శుక్రవారం రాత్రి వచ్చింది. తలుపు సగం మూసి, ఇంగ్లీషులో చాలాసేపు దులిపేసింది. మూడేళ్ళ పిల్లగా ఎక్కడికి తెచ్చావు, ఇప్పుడెక్కడికి పొమ్మంటావు అన్నదొక్కటే నాకు స్పష్టంగా వినిపించింది. పొయ్యి మీద పోపు మాడుతున్నా నేను కదల్లేదు. బయటికి వచ్చినప్పుడు దాని నుదుట కుంకుమ ఉంది. ఏమీ అడగలేదు, అన్నం పెట్టాను.

చిన్నవాడికి చెప్పాను: కార్డు వచ్చినా రాకపోయినా రేపు పొద్దున మనింట్లో దీపం వెలుగుతుంది. అక్క ఎక్కడుంటే అక్కడ పెట్టుకుంటుంది, దానికి కుదరని రోజు దాని పేరున మనం పెడదాం. సరేనని వత్తి ఎగదోశాడు. వాడికి పూర్తిగా నమ్మకం కుదిరిందని అనుకోను, పదేళ్ళవాడు, మళ్ళీ అడుగుతాడు. అడగనివ్వాలి.

ఈసారి శ్రీరామనవమికి పిల్లలతో రామదాసు నాటకం వేయిస్తామని కమిటీవాళ్ళు అంటున్నారు. సమయం చాలదని రాముణ్ణి నిలదీసే ఘట్టం కత్తిరించకండి. కావాలంటే తానీషా దర్బారు కుదించండి. గోపన్న వేషం చిన్నపిల్లలకి కాకుండా, మన కాలేజీ పిల్లల్లో ఈ ఏడు ఇరవై ఒకటి నిండుతున్నవాళ్ళకి ఇవ్వండి. మా అమ్మాయిని నేను అడుగుతాను. మీ పిల్లల్ని మీరు అడగండి.