మనము పోని యుద్ధమును గూర్చి మన మాటలు

1999వ సంవత్సరము జూన్ మాసములో ఒక ఆదివారము. ఆరాధన ముగిసినది. దేవాలయ ఆవరణములోని వేపచెట్టు నీడను సంఘ పెద్దలును యౌవనస్థులును గుంపుగూడి మాటలాడుచున్నారు. కార్గిల్ కొండలపై యుద్ధము జరుగుచున్న దినములవి. మన సేనలు నియంత్రణ రేఖను దాటవలసినదేయని ఒకరు, దాటినచో అమెరికా మనకు విరోధమగునని మరియొకరు, రష్యా మన పక్షమున నుండగా భయమేలయని వేరొకరు వాదించుచుండిరి. నేను అప్పుడు వేదాంత విద్యను ముగించి క్రొత్తగా సంఘసేవలో ప్రవేశించిన యువకుడను. ఒక పుల్ల తీసికొని ఇసుకలో గీత గీచితిని. ఇది రేఖ, ఇవి శత్రువునకు సామగ్రి వచ్చు మార్గములు, ఇచ్చట దాటి వెనుకనుండి అడ్డగించినచో పది దినములలో అంతయు ముగియునని వివరించితిని. అందరును శ్రద్ధగా వినిరి. వినుచున్నారని నాకు సంతోషమాయెను.

గుంపునకు వెనుకగా ఒక తల్లి నిలిచియుండెను. ఆమె కుమారుడు సైన్యములో సిపాయి. ఆమె ఆ గీతను చాలసేపు చూచి, "అయ్యగారూ, మీరు గీసిన ఈ గీత మీద మావాడు ఎక్కడున్నాడండీ?" అని అడిగెను.

ఆమె నన్ను గద్దించుటకు అడుగలేదు. కుమారుడు వ్రాసిన చివరి ఉత్తరములో స్థలము పేరు లేదు. నేను చదువుకొన్నవాడను గనుక నాకు తెలిసియుండునని తలంచినది. నేను జవాబు చెప్పలేకపోతిని. కాలితో గీతను చెరిపివేసితిని. గీత చెరిగినది గాని ప్రశ్న నేటివరకు చెరుగలేదు. ఆ ప్రశ్ననే ఈ వ్యాసమున చదువరుల యెదుట ఉంచగోరుచున్నాను: యుద్ధమునకు పోనివాడు యుద్ధమును గూర్చి మాటలాడవచ్చునా? మాటలాడినచో ఎట్లు మాటలాడవలెను?

ముందుగా ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఆనాడు మేము చర్చించిన విషయము అల్పమైనది కాదు. మే 26న వైమానిక దాడులు ప్రారంభమైనను, నియంత్రణ రేఖను దాటరాదని ప్రభుత్వము ఆజ్ఞాపించినది. అందుచేత మన సైనికులు శత్రువు పైనుండి కాల్చుచుండగా నిట్టనిలువు కొండలను ఎదురుగానే ఎక్కవలసివచ్చినది. జూలై 26న యుద్ధము ముగిసినట్లు ప్రకటింపబడునప్పటికి 527 మంది మనవారు ప్రాణములర్పించిరి. హైదరాబాదు నివాసి మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న అట్టి కొండమీదనే మరణించెను. మరియొక వైపున, ఆ నిగ్రహమే లోకాభిప్రాయమును మన దేశమువైపు త్రిప్పినది. ఇరు దేశములును అంతకు ముందు సంవత్సరమే అణుపరీక్షలు జరిపియుండగా, ఆ నిగ్రహమే యుద్ధము ఇంకను విస్తరింపకుండ ఆపినది. దాటవలెనన్న వాదమునకును దాటరాదన్న వాదమునకును ప్రాణములే వెలగా నుండెను. కనుక నాకొక అభిప్రాయముండుట తప్పు కాదు. తప్పు మరియొక చోటనున్నది.

"యుద్ధ విషయములు సేనానులకు విడిచిపెట్టుడి, మనము మౌనముగా ప్రార్థించుదము" అని కొందరు భక్తులందురు. ఇది వినయముగా కనబడును గాని లేఖనము ఈ మార్గమును మనకు చూపుట లేదు. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయము యుద్ధనియమముల అధ్యాయము. ఆ నియమములు రాజు చెవిలో చెప్పబడినవి కావు. జనులందరును వినునట్లు చెప్పబడినవి. క్రొత్త యిల్లు కట్టి ప్రవేశింపనివాడు, ద్రాక్షతోట వేసి దాని ఫలము తిననివాడు, ప్రధానము చేసికొని పెండ్లాడనివాడు, భయపడువాడు ఇంటికి తిరిగిపోవచ్చును. పట్టణమును ముట్టడించునపుడు ఫలవృక్షములను నరుకరాదు. ఈ చివరి ఆజ్ఞలో ఒక వాక్యమున్నది. హెబ్రీ మూలములో అది ప్రశ్నయో, వాక్యమో తేల్చుట అనువాదకులకు కష్టము. చెట్టు మనుష్యుని జీవనాధారమని చెప్పుచున్నట్లు చదువవచ్చును. నీవు ముట్టడించుటకు చెట్టు మనుష్యుడా యని అడుగుచున్నట్లును చదువవచ్చును. నేను అనువాదపు బల్లయొద్ద కూర్చుండి ఆ వాక్యముతో అనేక దినములు పెనుగులాడితిని. ఎట్లు చదివినను ఒకటి స్పష్టము: యుద్ధమధ్యమందును చెట్టును గూర్చి అడుగు హక్కు జనులకు ఈయబడినది. చెట్టును గూర్చి అడుగవచ్చునన్నయెడల మనుష్యుని గూర్చి అడుగకుండుట ఎట్లు?

మిత్రరాజ్యములను గూర్చియు ఇట్లే. ఐగుప్తు గుఱ్ఱములను నమ్ముకొనిన యూదా పెద్దలను యెషయా ప్రవక్త బహిరంగముగా ఖండించెను. అతడు సేనాని కాడు. అయినను రాజ్యము ఎవరితో సంధి చేసికొనవలెనను విషయమున నోరు మూసికొనలేదు. కనుక మౌనము భక్తికి గురుతు కానక్కరలేదు. ఒక్కొక్కప్పుడు అది పిరికితనమే.

అయినను మాటలన్నియు ఒకటి కావు. వ్యర్థమైన ప్రతి మాటకును విమర్శదినమున లెక్క చెప్పవలసియుండునని ప్రభువు హెచ్చరించెను. అచ్చట "వ్యర్థమైన" అని మనము అనువదించిన గ్రీకు పదము "ఆర్గోస్". "ఎర్గోన్" అనగా పని. దానిముందు లేమిని తెలుపు అక్షరము చేరి, పనిలేనిది అను అర్థమిచ్చును. అదే సువార్త 20వ అధ్యాయమున, సంతవీధిలో ఊరక నిలిచియున్న కూలివారిని గూర్చి ఇదే పదము వాడబడినది. కాబట్టి ప్రభువు దూషణను, అబద్ధమును మాత్రమే గాక, పనిలేక వీధిలో నిలిచియుండు మాటను గూర్చియు చెప్పుచున్నాడు. నేను ఇసుకలో గీచినది అట్టి మాట. అది తప్పు లెక్క కాకపోవచ్చును. కాని దానికి పనిలేదు. దాని బరువును నేను మోయుట లేదు.

1942లో ఇంగ్లండులో జరిగినది ఈ సత్యమును తెలిసికొనుటకు తోడ్పడును. అంతకు ముందు సంవత్సరము జూన్ 22న జర్మనీ సోవియట్ దేశముపై దండెత్తినది. రష్యనులు లక్షలకొలది చనిపోవుచుండగా, పశ్చిమమున రెండవ రణరంగమును వెంటనే తెరువవలెనని లండను నగరపు ట్రఫాల్గర్ చతురస్రములో జనులు సభలు జరిపిరి. గోడలమీద సుద్దతో వ్రాసిరి. ఆ కోరిక దుష్టమైనది కాదు. మిత్రుడు ఒంటరిగా చనిపోవుచుండగా చూచుచు ఊరకుండలేని మనస్సు అందులో నుండెను. దానికి విరుద్ధమైన మాటయు లోకములో లేకపోలేదు. రష్యనులును జర్మనులును ఒకరినొకరు వీలైనంతమందిని చంపుకొననిమ్మని, తరువాత అమెరికా అధ్యక్షుడైన ట్రూమన్, సెనేటరుగా నున్నపుడు 1941లోనే పలికియుండెను. ఈ రెండింటిలో మొదటిదే మానవత్వముగల మాట.

అయినను ఆ సంవత్సరము ఆగస్టు 19న ఫ్రాన్సు తీరమందలి డియెప్ రేవుపై సుమారు 6,000 మంది దిగిరి. వారిలో దాదాపు 5,000 మంది కెనడా యువకులు. మధ్యాహ్నమునకే దాడి విఫలమైనది. కెనడావారిలో 907 మంది మరణించిరి. రమారమి 2,000 మంది చెరపట్టబడిరి. ఆ దాడికి కారణములు పెక్కు. ప్రజల ఒత్తిడి వాటిలో ఒకటని చరిత్రకారులు చెప్పుదురు. గోడమీద సుద్దతో వ్రాసిన చేయి ఆ సైనికులను చంపెనని నేననను. గోడలమీద కోరిన అసలు రణరంగము 1944 జూన్ 6న గాని నార్మండీలో తెరువబడలేదు. ఆలోగా సోవియట్ ప్రజలు చెల్లించిన వెల ఊహకందదు. ఆలస్యమునకును తొందరకును రెండింటికిని రక్తమే వెల. అట్టి చోట "వెంటనే" అను చిన్న పదమును వ్రాయువాడు, ఆ పదమును తన దేహముతో నెరవేర్చువాడు వేరొకడని ఎరుగవలెను.

యుద్ధమునకు పోనివాడు సరిగా మాటలాడుటకు ఒక మాదిరి 1944 ఫిబ్రవరి 9న కనబడినది. ఛిచెస్టర్ బిషప్పు జార్జి బెల్ ఇంగ్లండు ప్రభువుల సభలో లేచి, జర్మను పట్టణములను పట్టణములుగానే నాశనము చేయు బాంబుదాడులను ప్రశ్నించెను. అతడు యుద్ధమే వలదనువాడు కాడు. హిట్లరును ఎదిరింపవలసినదేయని నమ్మినవాడు. ఆయుధశాలలపై దాడి వేరు, వేలకొలది కుటుంబములు నివసించు నగరమంతటిని కాల్చుట వేరని అతడు వాదించెను. అంతకు ముందు సంవత్సరము హాంబర్గు నగరములో ముప్పదివేలకు పైగా జనులు అగ్నిలో మరణించియుండిరి. అతని మాటవలన విధానము మారలేదు. సభలోను వెలుపలను నింద వచ్చినది. ఆ సంవత్సరాంతమున కాంటర్‌బరీ ప్రధానాచార్యపదవి ఖాళీ కాగా అది అతనికి దక్కలేదు. ఈ ప్రసంగమే కారణమని అనేకులు తలంచిరి.

బెల్ కూడ పౌరుడే. అతడును యుద్ధతంత్రమును గూర్చియే మాటలాడెను. అయితే అతడు సంగతులను శ్రద్ధగా తెలిసికొని, జవాబు చెప్పవలసినవారి ముఖమెదుట మాటలాడి, దాని వెలను తానే చెల్లించెను. ఆ మాటకు పని యుండెను.

1 రాజులు 22వ అధ్యాయమును ఈ దృష్టితో మరల చదువుడి. ఇశ్రాయేలు రాజైన అహాబును, యూదా రాజైన యెహోషాపాతును మిత్రులై రామోత్గిలాదుపై యుద్ధమునకు సిద్ధపడిరి. నాలుగువందలమంది ప్రవక్తలు జయము నిశ్చయమనిరి. సిద్కియా ఇనుప కొమ్ములు చేయించుకొని, శత్రువును ఎట్లు పొడిచి నాశనము చేయవలెనో చూపించెను. వారు రాజుల జయమును చూచిరి. మీకాయా ఒక్కడే, కొండలమీద చెదరియున్న సైనికులను, కాపరిలేని గొఱ్ఱెలవలె చూచెను. జయమో అపజయమో చెప్పుటలో మాత్రమే గాక, ఎవరిని చూచెనన్న దానిలోను ఆ నాలుగువందలమందికిని ఈ ఒక్కనికిని భేదమున్నది. మాట చెప్పినందుకు మీకాయా చెరసాలకు పోయెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. వెల చెల్లించువాడే మాటలాడవలెనన్నచో, దూరదేశమున బాధింపబడువారి పక్షమున మనలో ఎవడును నోరు తెరువరాదా? తెరువవలెను. సైనికుని వెలను మనము చెల్లించలేము. కాని మన మాటకు తగిన పనిని మనము చేయవచ్చును. తెలియనిదానిని తెలియదనుట పని. మన పక్షమువారు చేసిన తప్పును ఒప్పుకొనుట పని. దూరమందున్నవారి పక్షమున మాటలాడి నింద పొందుట పని. యుద్ధము ముగిసి, మన చర్చలును ముగిసిన తరువాత, విధవరాలి యింటికిని కాలు పోగొట్టుకొనినవాని యింటికిని పోవుట మరింత కష్టమైన పని. శత్రువునకును తల్లి యున్నదని మన గుంపులో చెప్పుట అన్నిటికంటె కష్టమైనది.

ఆ సిపాయి క్షేమముగా తిరిగివచ్చెను. దేవునికి స్తోత్రము. మరుసటి ఆదివారము నేను ఆ తల్లి యింటికి పోయితిని. కుమారుని ఉత్తరమును ఆమె నాచేత రెండుమార్లు చదివించుకొనెను. అందులో యుద్ధమును గూర్చి ఒక్క మాటయు లేదు. చలిని గూర్చి యుండెను, చెల్లెలి పెండ్లిని గూర్చి యుండెను. ఆ యుద్ధకాలమున నేను చేసిన పని అదొక్కటే.

ప్రియ చదువరీ, ఇకను యుద్ధములు వచ్చును, మనము మాటలాడుదుము. పుల్ల తీసికొని గీత గీయక మునుపు, ఆ గీతమీద ఎవరి కుమారుడు నిలిచియున్నాడో అడుగుదము. రేఖకు ఆవలి వైపున ఎవరి కుమారుడున్నాడో అదికూడ అడుగుదము. ఇరువురిని ఎరిగిన ప్రభువు మన మాటలను వినుచున్నాడు.