పాతబస్తీలో ఫైలు, పెన్‌గంగ ఒడ్డున పొలం

హైదరాబాద్‌లో మూసీ దక్షిణపు ఒడ్డున, మదీనా సెంటరుకు దగ్గర్లోనే, ఎర్రరాతి గుమ్మటాల హైకోర్టు 1920 నుంచీ నిలబడి ఉంది. పాతబస్తీకి వచ్చినవాళ్లు చార్మినార్ చూస్తారు, లాడ్ బజార్‌లో గాజులు కొంటారు. ఉట్నూరు నుంచో ఆసిఫాబాద్ నుంచో వచ్చే ఆదివాసి మాత్రం చంకన ఫైలుతో ఈ గుమ్మటాల కిందికే వస్తాడు. పోడు కేసో, 1/70 భూమి చట్టం కేసో. తాత దున్నిన చేను తనదేనని వందల కిలోమీటర్ల అవతల రుజువు చేసుకోవాలి.

చేను అక్కడ, పెత్తనం ఇక్కడ. ఇది నిజాం నాటి నుంచీ ఉన్నదే. అడవిని రిజర్వు చేసి గోండులను వెళ్లగొడుతుంటే కొమురం భీం ఎదురు తిరిగాడు. 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ తర్వాతే సర్కారుకు గోండుల గోడు తెలుసుకోవాలనిపించింది. అందుకు దొరికిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కూడా సరిహద్దులకు చిక్కినవాడే కావడం చిత్రం. పుట్టింది వియన్నాలో, చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. యుద్ధం రాగానే బ్రిటిష్‌వాళ్లు ఆయనను శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దన్నారు. ఆయన గోండుల ఊరు మార్లవాయిలో గుడిసె వేసుకుని, వాళ్ల గోడు సర్కారు ముందుకు తెచ్చాడు. ఆ కృషి ఫలితంగా ఆదిలాబాద్ ఆదివాసులకు దాదాపు 1,60,000 ఎకరాలకు పట్టాలు వచ్చాయి.

1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం భాషల వారీగా మూడు ముక్కలైంది. పాతబస్తీ ఇళ్లకూ ఆ దెబ్బ తగిలింది. ఔరంగాబాద్, గుల్బర్గా వియ్యాలవారు ఒక్క పూటలో పరాయి రాష్ట్రంవారయ్యారు. అయినా అది బస్సు మారితే తీరే కష్టం. ఆదిలాబాద్ జిల్లాలోని రాజురా, కిన్వట్ ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి పోయినప్పుడు గోండులకు బడి భాష, భూమి చట్టం, మొరపెట్టుకునే కోర్టు అన్నీ మారిపోయాయి. పెన్‌గంగకు ఇటు 1/70 చట్టం ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి అమ్మకాన్నే చెల్లదంటుంది. అటు ప్రభుత్వ అనుమతి ఉంటే అమ్మకానికి దారి ఉంది. నేల ఒకటే, చుట్టరికాలూ అవే.

తెలుగు ఇటు, మరాఠీ అటు: గీత గీసిన సూత్రం ఇదే. మరి గోండీ ఎటు? 2011 జనాభా లెక్కల్లో 29 లక్షలకు పైగా జనం గోండీ తమ మాతృభాష అన్నారు. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఎక్కడ చూసినా వాళ్లు అల్పసంఖ్యాకులే. ఎనిమిదో షెడ్యూల్లో ఆ భాషకు చోటు లేదు. భాషకో రాష్ట్రం కావాలని పొట్టి శ్రీరాములు ప్రాణమిస్తే వీధివీధినా విగ్రహాలు పెట్టుకున్నాం. మన భాషకు దగ్గరి బంధువైన గోండీకి అదే న్యాయం వర్తించదా అన్న ప్రశ్న మనకు పెద్దగా తట్టినట్టు లేదు.

గోండుల పటం వేరు. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశీయులు తెల్లబట్టలు కట్టి, ఝారీ పట్టుకుని, చెప్పుల్లేకుండా గోదావరి దాకా నడుస్తారు. హస్తలమడుగు దగ్గర నీళ్లు ముంచుకుని, ఊరూరా ఆగుతూ తిరిగొస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరి ఇంట్లో తయారవుతాయి. అమావాస్య రాత్రి పూజయ్యాక కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేస్తారు. మహారాష్ట్ర నుంచీ ఛత్తీస్‌గఢ్ నుంచీ చుట్టాలు దిగుతారు. ఆ నడకలో జిల్లా ఏది, రాష్ట్రం ఏది అన్న మాటే రాదు.

ఇలా గీతలు దాటి తిరిగే హక్కును అమాయకపు కల అని కొట్టిపారేయక్కర్లేదు. పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్ కట్టడం మొదలైన రోజుల్లోనే, 1751లో, నార్వే–స్వీడన్ సరిహద్దు ఒప్పందానికి ఒక అనుబంధం చేర్చారు. రెయిన్‌డీర్ మందలతో ఏటా అటూ ఇటూ దాటే హక్కు అక్కడి ఆదివాసులైన సామీ ప్రజలకు ఉంటుందని అందులో రాసుకున్నారు.

ఇక్కడ రాసుకున్నది దానికి తలకిందులు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి గుత్తికోయలు ప్రాణభయంతో ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే హక్కు ఇస్తుంది; ఆ తేదీ తర్వాత వచ్చి దున్నుకున్నవాళ్లకు అది దక్కదు. అక్కడ ఎస్టీలైన వీళ్లను ఇక్కడ ఎస్టీలుగా గుర్తించరు. ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి ఉంటుంది. దాన్ని మార్చే అధికారం హైదరాబాద్‌ది కాదు, రాయపూర్‌ది కాదు. రాజ్యాంగం 342వ అధికరణ ప్రకారం అది పార్లమెంటుది.