గాజుపెట్టెలోని జీవులు

తడిసిన ఇటుక నెత్తి చూచినచో దాని క్రింద బూడిదరంగు పురుగులు కొన్ని కనబడును. ఏడు జతల కాళ్ళు. కొన్ని జాతులు ముట్టుకొనగానే శనగగింజవలె గుండ్రముగా ముడుచుకొనును. శాస్త్రజ్ఞులు వీనిని ఐసోపాడులందురు. పురుగనుట వాడుకయే గాని ఇవి రొయ్యకు, పీతకు జ్ఞాతులు. చీమకు మూడు ఇంద్రియములు, తుమ్మెదకు నాలుగు అని మన శాస్త్రము. వీనికి కన్నులున్నవి గనుక చతురింద్రియములలో చేర్చవలెను కాబోలు.

అమెరికా, జర్మనీ, జపాను దేశములలో వీనిని గాజుపెట్టెలలో పెంచుట నేడొక వేడుక. మన్ను, ఎండుటాకులు, పుచ్చిన కర్ర వేయుదురు. పొట్టక్రింద మొప్పలవంటి అవయవములతో ఊపిరి పీల్చును గనుక ఒక ప్రక్క నాచు ఎప్పుడును తడిగా నుండవలెను. ఆరినచో ప్రాణము పోవును. తల్లి గ్రుడ్లను పొట్టక్రింది సంచిలో మోయును.

ఇది హింసయా, కాదా?

పెంచువారి సమాధానము తేలికగా త్రోసివేయదగినది కాదు. తిండికి లోటు లేదు, పక్షి భయము లేదు, బయట నున్నను ఆ జీవి ఒక దుంగను దాటి దూరము పోవునది కాదు, సుఖము లేనిచో పిల్లలు పెట్టునా అని వారందురు. చివరి మాట మాత్రము నిలువదు. ఇరుకు పంజరములోని కోడియు గ్రుడ్లు పెట్టుచునే యున్నది.

తత్త్వార్థసూత్రము అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పినది: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. నీరు చిలుకరించు మనిషి కొన్నాళ్ళు ఊరికి పోయి మరచినచో ఐదవది జరిగిపోవును. బంధము మొదటిదే యైనను, ఈ జీవి విషయమున గోడకంటె గోడ కట్టినవాని ఉద్దేశమే బరువైనది. కప్పలకు మేతగా పెంచువారున్నారు. వారి సంగతి విచారింప బనిలేదు. అమ్మకమునకు పెంచువారిని గురించి ఆలోచింపవలెను.

థాయిలాండు సున్నపురాతి గుహల ప్రాంతమునుండి వచ్చిన ‘రబ్బరు బాతు’ అను పసుపు మొగము జాతికి మంచి వెల పలికినది. పెట్టెలో పుట్టినవానిని అమ్మినచో అడవిలో ఏరుట తగ్గునని వర్తకులందురు. కొంత నిజమే. అయితే పాత రకము చవుకయైన కొలది కొత్త రకమునకై వెదుకులాట మొదలగును. ఏ సరుకునకైనను బజారు నడక ఇంతే. కోరిన రంగు తేలని పిల్లలను ఏరివేయుదురు కూడ. శ్రావకునకు వర్జ్యములైన పదునైదు కర్మాదానములలో కేశవాణిజ్యము, అనగా రోమములు గల ప్రాణుల వ్యాపారము, చేరియున్నది. వెంట్రుకలు లేని జీవికి అది వర్తింపదనుట గుమాస్తా తెలివియే.

గుజరాతు పాంజరాపోళములలో కొన్నిట జీవాత్‌ఖానా అను గది యుండెడిది. ధాన్యములో తేలిన పురుగులను అందులో గింజలతో విడిచెడివారు. అదియు మూసిన గదియే గదా యని అడుగవచ్చును. కాని ఆ పురుగులను ఎవరును పిలువలేదు. బస్తాలో తామే వచ్చినవి. గాజుపెట్టెవారు పదింటిని తెచ్చి వందలను పుట్టించుచున్నారు. మిగిలినవానిని ఏమి చేయవలెను? పరదేశపు జాతిని పెరటిలో విడుచుట అభయదానము కాదు. అక్కడి జీవులకు ముప్పు కావచ్చును. అందుచేత కొందరు వానిని ఫ్రీజరులో నుంచి చంపుదురు. మొదటి పది జీవులు ఇంటికి రాకముందే చూడవలసిన లెక్క ఇది.

పిల్లలకు చూడవలెనను కుతూహలము సహజము, మంచిది కూడ. పెరటిలోని పూలకుండీని మెల్లగా ఎత్తి చూపవచ్చును. దించునప్పుడు క్రిందనున్నవి తొలగినవో లేదో చూచి దించవలెను.